బట్టల్లేకుండా చేసుకున్న పెళ్లి చెల్లుతుందా? అసలు చట్టం దానికి ఒప్పుకోవాలా?

అడిగినాయన ఫ్లోరిడాలోని టాంపాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హెచ్1బి మీద ఉన్నారు. ఆయన టీములో పనిచేసే ఒక అమెరికన్ పెళ్లికి పిలిచాడట. పెళ్లి ఒక న్యూడిస్ట్ రిసార్ట్‌లో, అంటే బట్టల్లేకుండా గడపాలనుకునేవాళ్లు వచ్చే విడిదిలో. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ బట్టల్లేకుండానే చేసుకుంటారు, వచ్చేవాళ్లు ఎలా ఉండాలన్నది వాళ్ల ఇష్టం. "ఇలాంటి పెళ్లి చట్టం ముందు నిలుస్తుందా? నిలిచినా, చట్టం ఇలాంటివాటికి ఒప్పుకోవడం సబబేనా? వెళ్తే నాకేమైనా తంటా వస్తుందా?" ఇవీ ప్రశ్నలు.

పెళ్లి చెల్లుతుంది. ఫ్లోరిడా పెళ్లి చట్టం బట్టల ఊసే ఎత్తదు. సబబేనా అంటే, నా మటుకు నాకు సబబే. కాకపోతే అక్కడ నిలబడి చూసే ప్రతి మనిషీ తెలిసి, ఇష్టపడి వచ్చినవాళ్లయి ఉండాలి. ఆ ప్రతి మనిషిలో పెళ్లికూతురు కూడా ఉందని మర్చిపోకండి. అదెందుకు అంటున్నానో కింద రాస్తాను. ఇక మీకు తంటా అంటే, చోటు సరైనదైతే ఏమీ రాదు.

ఇంత ధీమాగా ఎలా చెబుతోంది ఈవిడ అనుకుంటారేమో. మాది రాజమండ్రి, టాంపా వచ్చి పంతొమ్మిదేళ్లయింది. నేనిక్కడ నోటరీని. కమిషన్, అంటే రాష్ట్రం ఇచ్చే నియామకం, ఒక్కోటి నాలుగేళ్లు, నాది మూడోది నడుస్తోంది. ఫ్లోరిడాలో నోటరీ అంటే కాగితాల మీద స్టాంపు గుద్దడమే కాదు, పెళ్లిళ్లు కూడా చేయించవచ్చు. అమెరికాలో ఈ అధికారం నోటరీలకు ఇచ్చిన రాష్ట్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫీజు 30 డాలర్లకు మించకూడదు కాబట్టి దీంతో మేడలు కట్టినవాళ్లు ఎవరూ లేరు. నేను నూరు పైచిలుకు పెళ్లిళ్లు చేయించాను. అందులో సగం మనవాళ్లవే. ముహూర్తం ఇండియాలో ఆరు నెలల తర్వాత ఉంటుంది, ఈలోపు ఇన్సూరెన్స్ కోసమో, హెచ్1బి వాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే హెచ్4 వీసాకి మారడానికో ఒక కాగితం పెళ్లి. మా డైనింగ్ టేబుల్ దగ్గర అయిపోయినవే చాలా ఉన్నాయి.

బట్టల్లేని పెళ్లి కావాలని నా దగ్గరికి వచ్చినవి మూడు. ఒకటి చేయించాను, ఒకటి చేయించనన్నాను, ఒకటి దానంతటదే ఆగింది.

ముందు చట్టానికి పెళ్లిలో ఏం కావాలో చూడండి. కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఆఫీసుకి ఇద్దరూ స్వయంగా వెళ్లి పెళ్లి లైసెన్స్ తీసుకోవాలి. ఫ్లోరిడాలో ఉండేవాళ్లకైతే అది మూడు రోజుల తర్వాత గానీ అమల్లోకి రాదు, నాలుగు గంటల ప్రీమ్యారిటల్ కోర్సు చేసినవాళ్లకు ఆ ఆగుడు ఉండదు. 60 రోజుల్లో పెళ్లి అయిపోవాలి. ఇద్దరూ నా ఎదురుగా నిలబడి, ఒకరినొకరు ఒప్పుకుంటున్నామని నోటితో చెప్పాలి. నేను అదే కాగితం మీద సంతకం పెట్టి, సీలు వేసి, 10 రోజుల్లోగా క్లర్కుకి చేరేలా చూడాలి. సాక్షులు కూడా తప్పనిసరి కాదు. ఈ మొత్తంలో చీర, సూటు, గౌను అనే మాట ఎక్కడా లేదు.

పెళ్లి దేనివల్ల ఆగుతుందో కూడా చెబుతాను. మనవాళ్ల పెళ్లే, బాగా కావలసినవాళ్లది. హాలు నిండా జనం. పెళ్లికూతురు కంచిపట్టులో, పెళ్లికొడుకు పట్టుపంచెలో ధగధగలాడిపోతున్నారు. జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు అయ్యాయి. పురోహితుడు గారు లేచాక సంతకాలకు నన్ను పిలిచారు. లైసెన్స్ చేతిలోకి తీసుకుని తేదీ చూశాను. ఆ రోజుకి 63వ రోజు. మంచి ముహూర్తం కోసం ఆగి ఆగి తేదీ దాటించేశారు. సంతకం పెట్టలేనని చెప్పేసరికి పెళ్లికొడుకు తండ్రి ముఖం చూడలేకపోయాను. "మూడు రోజులే కదమ్మా, పాత తేదీ వేసెయ్" అన్నారు. వేస్తే నా కమిషన్ పోవడం అటుంచి, రేపు గ్రీన్‌కార్డు ఫైలులో అదే కాగితం వాళ్ల మెడకి చుట్టుకుంటుంది. మర్నాటి వారం కొత్త లైసెన్స్ తెచ్చుకుని, నైట్ ప్యాంట్లలో మా ఇంటికొచ్చి, ఉప్మా తిని సంతకాలు చేసి వెళ్లారు. చట్టం లెక్కలో వాళ్ల పెళ్లిరోజు ఆ ఉప్మా రోజే.

ఇక నేను చేయించిన పెళ్లి. టాంపాకి ఉత్తరాన పాస్కో కౌంటీలో ల్యాండ్ ఓ లేక్స్ అనే ఊరుంది. న్యూడిస్టుల్లో దేశమంతా పేరున్న చోటు. అక్కడి లేక్ కోమో రిసార్ట్ 1940ల నాటిది. ఈ న్యూడిస్టుల జాతీయ సంఘం ఒకటుంది, 1931లో పుట్టింది, దాని ఆఫీసు కూడా మన ఫ్లోరిడాలోనే, కిసిమీలో. అంటే ఇదేదో నిన్నా మొన్నా పుట్టిన కుర్రచేష్ట కాదు. నన్ను పిలిచినవాళ్లు కూడా కుర్రాళ్లు కాదు. ఇద్దరికీ అరవై దాటాయి, ఇద్దరికీ రెండో పెళ్లి. ఆయన స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు, ఆవిడ నర్సు. ఫోన్లో ఆవిడ మొదటి మాటే ఇది: "మేం బట్టలు వేసుకోం. మీరు వేసుకుని రావచ్చు. మీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పండి, ఏమీ అనుకోను." ఇంత మర్యాదగా అడిగినవాళ్లని నేను తక్కువే చూశాను.

రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మకి చెప్పలేదు. మా ఆయనకి చెబితే కారు నడుపుతాను గానీ కారు దిగను అన్నాడు. అన్నట్టే గేటు దగ్గర పార్కింగులో ఏసీ వేసుకుని పాత క్రికెట్ మ్యాచ్ చూస్తూ కూర్చున్నాడు. గేటులో నా ఐడీ చూసి, పేరు రాసుకుని, గోల్ఫ్ కార్ట్‌లో లోపలికి తీసుకెళ్లారు.

చెరువు ఒడ్డున పెద్ద ఓక్ చెట్టు, కింద తెల్ల కుర్చీలు. ప్రతి కుర్చీ మీదా ఒక తువ్వాలు. తువ్వాలు పరుచుకోకుండా ఎక్కడా కూర్చోకూడదన్నది వాళ్ల మడి. నలభై మంది దాకా ఉన్నారు, అంతా పెద్దవాళ్లే, పిల్లల్ని పిలవలేదు. పెళ్లికూతురికి తల మీద మేలిముసుగు, మెడలో ముత్యాల దండ. పెళ్లికొడుకుకి మెడలో బో టై, నడుముకి ఒక సంచీ. ఐడీలు, లైసెన్స్ మడత అందులోనే ఉన్నాయి, జేబు ఉండదు కదా. ఉంగరాన్ని తోడు పెళ్లికొడుకు తన చిటికెన వేలికి పెట్టుకుని తెచ్చాడు. ఆ మధ్యలో నేను, ఆరు గజాల మంగళగిరి చీరలో, కొప్పుతో సహా. అక్కడ వింతగా కనిపించిన మనిషిని నేనొక్కదాన్నే. కట్టుబట్టలతో వచ్చాం అంటారే, ఆ మాట ఆ రోజు నాకే వర్తించింది.

మొదటి ఐదు నిమిషాలు ఎటు చూడాలో తెలియలేదు. తర్వాత అందరి ముఖాలే కనిపించాయి. నమ్మండి, నమ్మకపోండి, మామూలు పెళ్లిళ్లలో ఎవరు ఏ నగ పెట్టుకున్నారా అని చూసే నా కళ్లకి ఆ రోజు పని లేకుండా పోయింది. పెళ్లికొడుకు గుండె మీద బైపాస్ కుట్టు, మెడ కింద నుంచి పొట్ట దాకా. ప్రమాణం చెప్పేటప్పుడు ఆవిడ దాని మీద చెయ్యి పెట్టి, "ఇది వేసిన రోజు నేను లేను, ఇక నుంచి ఉంటాను" అంది. ముందు వరసలో ముసలాయన ఒకడు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

నా టెన్షన్ అంతా కాగితం గురించే. ఎండకి అందరూ ఒళ్లంతా సన్‌స్క్రీన్ పూసుకున్నారు, చేతులు జిడ్డు. లైసెన్స్ మీద నూనె మరక పడితే, ఇంకు అలుక్కుపోతే క్లర్క్ ఆఫీసు తిప్పి పంపుతుంది. ఇద్దరి చేతులూ తువ్వాలుకి తుడిపించి, నా ప్లాస్టిక్ ఫోల్డర్ వాళ్ల వైపు తిప్పి, ఏం రాయాలో వేలితో చూపించాను. సోమవారం కాగితం ఇచ్చేశాను. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. వేయడానికి ఏముంది? ఆ కాగితంలో బట్టల గడి లేదు.

కాబట్టి పెళ్లి చట్టం వేరు, నగ్నత్వం మీద ఉన్న చట్టం వేరు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడతారు. ఫ్లోరిడా చట్టంలో 800.03 అని ఒక సెక్షన్ ఉంది. బహిరంగంగా మర్మావయవాలను అసభ్యంగా ప్రదర్శిస్తే మొదటి తప్పుకే ఏడాది దాకా జైలు, 1,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. అందుకోసం కేటాయించిన చోట ఊరికే బట్టల్లేకుండా ఉండటం నేరం కాదని అదే సెక్షన్ చెబుతుంది. రిసార్ట్ పెళ్లికి అడ్డు లేనిది అందుకే. అదే పెళ్లి ఎదురుగా ఉన్న పార్కులో చేసుకుంటే కేసు. అప్పుడు కూడా కేసు నగ్నంగా ఉన్నందుకే గానీ పెళ్లి చేసుకున్నందుకు కాదు, పెళ్లి పెళ్లిగానే ఉంటుంది.

నేను చేయించనన్నది సరిగ్గా ఇదే. ఒక కుర్ర జంట పినెలస్ వైపు సముద్రం ఒడ్డున, సూర్యోదయం వేళ, బట్టల్లేకుండా అన్నారు. "ఆరింటికి ఎవరుంటారు ఆంటీ" అని కుర్రాడు. నాకు తెలుసు ఎవరుంటారో. మోకాళ్ల నొప్పులకి నడిచేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు, గవ్వలేరుకోవడానికి మనవల్ని తెచ్చిన నాయనమ్మలు. వాళ్లనెవరూ పెళ్లికి పిలవలేదు, వాళ్లెవరూ వస్తామని చెప్పలేదు. అంత సరదాగా ఉంటే మయామీ దగ్గర హాలోవర్ బీచ్‌కి పొమ్మన్నాను. దాని ఉత్తరపు భాగంలో 1991 నుంచి బట్టల్లేకుండా ఉండటానికి కౌంటీ ఒప్పుకుంటోంది, బోర్డులు కూడా ఉంటాయి, అక్కడికి వచ్చేవాళ్లు తెలిసే వస్తారు. కారులో అంత దూరమా అని ఊరుకున్నారు. తర్వాత నీలం చొక్కా, తెల్ల గౌనులో అదే పినెలస్ బీచ్‌లో చేయించుకున్నారు, నాతోనే.

చట్టం ఒప్పుకోవాలి అని వాదించేవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో పేరు ఎత్తుతారు. అక్కడ కాస్ట్రో ప్రాంతంలో కొందరు నగ్నంగా తిరగడం మామూలైపోయి, నగర పాలక మండలి 2012 నవంబరులో 6-5 ఓట్లతో నిషేధం తెచ్చింది. ప్రైడ్ ఊరేగింపు లాంటి అనుమతి ఉన్న వేడుకలకు మినహాయింపు ఇచ్చింది. దాన్ని వ్యతిరేకించిన జిప్సీ టౌబ్ అనే ఉద్యమకారిణి 2013 డిసెంబరులో సిటీ హాల్ మెట్ల మీద నగ్నంగా పెళ్లి చేసుకుంది. నగ్నత్వం నా భావప్రకటన అని ఆమె కోర్టుకెళితే, 2017లో నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఒప్పుకోలేదు. ఒట్టి నగ్నత్వం దానంతటదే మాట్లాడటం కాదంది. అంతకు ముందు 1991లో ఇండియానా కేసులో సుప్రీంకోర్టు కూడా బహిరంగ నగ్నత్వం మీద నిషేధం రాజ్యాంగానికి విరుద్ధం కాదనే చెప్పింది. ఆ మెట్ల పెళ్లి మీద నా అభిప్రాయం అడిగితే, అది పెళ్లి కన్నా ధర్నా ఎక్కువ. ధర్నా చేసే హక్కు ఉంది, కాదనను. కానీ పనుల మీద ఆ మెట్లెక్కే మామూలు జనం మన పెళ్లివారు కారు కదా.

జమైకాలో 2003 వేలంటైన్స్ డే నాడు ఒక రిసార్ట్‌లో 29 జంటలు ఒకేసారి నగ్నంగా పెళ్లాడాయి. అది రిసార్ట్ ప్రచారం కోసం కావొచ్చు, అయితే ఏంటి? ఎవరి కళ్లకీ అడ్డం పడలేదు.

ఇప్పుడు దానంతటదే ఆగిపోయిన పెళ్లి సంగతి. నాకన్నిటికన్నా గుర్తున్నది అదే. అబ్బాయి ఫోన్ చేసి వివరాలన్నీ మాట్లాడాడు, అదే పాస్కో వైపు, తేదీతో సహా. మర్నాడు రాత్రి పదింటికి అమ్మాయి చేసింది. గొంతు తగ్గించి, "లైసెన్స్ రావాలంటే నేను కూడా బట్టలు విప్పాలా? అక్కడి రూల్ అట కదా" అంది. అది ఆ అబ్బాయి చెప్పిన రూల్. చట్టంలో అలాంటిదేమీ లేదనీ, నువ్వు దుప్పటి కప్పుకుని నిలబడినా పెళ్లి చెల్లుతుందనీ, నీ చేత ఎవరూ ఏమీ విప్పించలేరనీ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, థాంక్స్ చెప్పి పెట్టేసింది. వారం తర్వాత వాయిదా పడిందని అబ్బాయి మెసేజ్ పెట్టాడు. మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి ఇలాంటి పెళ్లికి ఎవరు పిలిచినా ఇద్దరితో విడివిడిగా మాట్లాడాకే ఒప్పుకుంటాను. చట్టంలో కొత్తగా ఏదైనా చేర్చాలంటే నేను అడిగేది ఇదే. బట్టలుండాలనో అక్కర్లేదనో రాయక్కర్లేదు. ఇష్టం లేనివాళ్లని బలవంతపెట్టకుండా చూస్తే చాలు. పెళ్లి చేయించేవాళ్లకి కూడా వద్దనే వీలు ఉండాలి. నాకు కుదిరింది కాబట్టి వెళ్లాను, కుదరని నోటరీని తప్పు పట్టను. క్లర్క్ ఆఫీసు కౌంటర్ దగ్గరికి బట్టల్లేకుండా వస్తామంటే అక్కడి గుమాస్తా ఒప్పుకోనక్కర్లేదు. అది అందరి ఆఫీసు.

ఇంగ్లండులో పద్ధతి వేరు. రిజిస్ట్రార్ బయటికి వచ్చి పెళ్లి చేయించే భవనం హుందాగా, గౌరవప్రదంగా ఉండాలని నిబంధనల్లోనే ఉంది. హుందాతనాన్ని కొలిచే పని ఆఫీసర్‌కి అప్పగించడం నాకు నచ్చదు. ఒకరికి హుందా అనిపించింది ఇంకొకరికి వెగటు. పెళ్లిలో డీజే పెట్టి తాగి చిందులేసేవాళ్లని చూసి నాకు పట్టే చిరాకు, ఆ చెరువు ఒడ్డున పట్టలేదు.

మరి ఇండియాలో అయితే? నేను అక్కడి లాయర్ని కాదు, చట్టంలో ఉన్నంత వరకు చెబుతాను. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ఆచారాల గురించి, సప్తపది గురించి చెబుతుంది, వస్త్రాల గురించి కాదు. 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ చట్టం 12వ సెక్షన్ ఇంకా వెసులుబాటు ఇస్తుంది. పెళ్లి ఏ పద్ధతిలోనైనా చేసుకోవచ్చు, మ్యారేజ్ ఆఫీసరు, ముగ్గురు సాక్షుల ముందు ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని చెబితే చాలు అంటుంది. అలాగని ఎవరూ ఉత్సాహపడొద్దు. బహిరంగ ప్రదేశంలో అశ్లీల చేష్టకి పాత ఐపీసీలో 294, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 296 ఉన్నాయి, మూడు నెలల దాకా జైలు. ఫొటోలు నెట్‌లో పెడితే ఐటీ చట్టం 67 వేరే. పైగా ఆ మ్యారేజ్ ఆఫీసరు ఒక ప్రభుత్వోద్యోగి. ఆయన రాకుండా పెళ్లి జరగదు, ఆయన్ని అలాంటి చోటికి రప్పించడం మీ తరమూ కాదు నా తరమూ కాదు.

ఇక మన సంస్కృతి ఏమైపోవాలి అనేవాళ్లకి. మన పెళ్లిలో బట్ట ఒంటికి కప్పుకునేది మాత్రమే కాదు, తంతులో భాగం. మధుపర్కాలు పెట్టకుండా మనకి పెళ్లేముంది? అడ్డుతెర పట్టుకుని, అది దించేదాకా ఒకరినొకరు చూడనివ్వని పెళ్లి మనది. దిగంబరంగా ఉన్నవాళ్లంటే మనకి జైన మునులు, నాగ సాధువులు. సంసారం వదిలినవాళ్లే గానీ సంసారంలోకి దిగేవాళ్లు కాదు. కాబట్టి ఆ పెళ్లి మన మనసుకి పట్టకపోవడం సహజం, నాకూ పట్టలేదు. మా అమ్మాయి అలా చేసుకుంటానంటే ఏడుస్తాను. నాకు ఏడుపొచ్చినంత మాత్రాన ఆ నర్సు పెళ్లిని ఆపమని చట్టానికి చెప్పలేను.

మీ విషయానికి వస్తే, ముందు అది నిజంగా గేటు ఉన్న న్యూడిస్ట్ రిసార్టేనా కనుక్కోండి. ఎవరి పెరడో, ఎయిర్‌బీఎన్‌బీనో అయితే పక్కింటివాళ్లకి కనిపించే ప్రమాదం ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లకి కేసు నిలిచినా నిలవకపోయినా అరెస్టు అయితే చాలు, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ దగ్గర తలనొప్పి. బట్టలు మీ ఇష్టం అన్నారు కాబట్టి వేసుకునే వెళ్లండి, అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. పూల్‌లో దిగాలంటే మాత్రం కొన్ని చోట్ల బట్టలతో దిగనివ్వరు. ఫోన్ కారులోనే వదిలేయండి, అక్కడ ఫొటో తీయడమంత పెద్ద తప్పు ఇంకోటి లేదు. మీ ఆవిడని తీసుకెళ్లేట్టయితే ఎలాంటి చోటికి వెళ్తున్నారో ముందే చెప్పండి, గేటు దగ్గర కాదు.

మీ స్నేహితుడికి కాబోయే భార్య వేరే దేశం అమ్మాయైతే ఒక మాట చెప్పండి. గ్రీన్‌కార్డు ఫైలులో పెళ్లి ఫొటోలు కూడా పెడతారు. ఇమిగ్రేషన్ ఆఫీసరుకి చూపించడానికి బట్టలు వేసుకున్న ఫొటోలు ఓ నాలుగు తీయించుకోమనండి. నా జంట ఆ పని చేసింది. పెళ్లయ్యాక ఇద్దరూ టీషర్టులు తొడుక్కుని చెట్టు కింద నిలబడితే, గేటు దగ్గర్నుంచి మా ఆయన్ని పిలిపించి నేనే తీయించాను. అప్పుడు దిగాడు కారు.

పెళ్లి ఏ కౌంటీలోనో, లైసెన్స్ ఎప్పుడు తీసుకున్నారో కింద రాయండి. 60 రోజుల లెక్క ఒకసారి చూసి చెబుతాను.